నాయనకు కొన్న హైబ్రిడ్ పరుపు

మొన్న ఆదివారం మధ్యాన్నం రెండు గంటలకు మా గని క్వార్టర్స్ లైన్లో ఉండే జనమంతా వీధిలో నిలబడినారు, తెలుసా? ఒకామె చేతిలో కుక్కర్ మూత. ఒకాయన ఒంటి మీద సోపు నురగ. ఎవరి కాళ్లకూ చెప్పులు లేవు. భూకంపమూ రాలేదు, గ్యాసూ లీక్ కాలేదు. మా ఇంటికి ఆన్‌లైన్లో పరుపు వచ్చింది, అంతే! నవ్వద్దండమ్మా. సరే, నవ్వుకోండి, మొదటి సగం నవ్వేదే. కానీ ఆ పరుపును సెలెక్ట్ చేసిందాంట్లో ఈ లేడీస్ బోగీలో ఉండే మీ అందరికీ పాలుండాది, అది మాత్రం మర్చిపోవద్దండి. టీ అబ్బాయి వచ్చినాడు, ముందు గ్లాసులు పట్టుకోండి. బంగారుపేట స్టేషన్ దాటేలోపల చెప్పేస్తాను.

తులసి కొత్తగా ఎక్కతా ఉండాది కదా, ఆమెకు తెలీదు. మా నాయన బంగారు గనిలో టింబర్ మ్యాన్, తులసీ. కింద సొరంగాల్లో పైరాయి కూలిపోకుండా కట్టె దుంగలు నిలబెట్టే పని. గని మూసేసి ఇరవై ఏండ్లు దాటింది. ఆయనకిప్పుడు డెబ్బై అయిదు. రెండేండ్ల కింద మా అమ్మ పోయింది. అప్పుడు నేనూ మా ఆయనా కోలారులో ఇల్లు ఖాళీ చేసి నాయన దగ్గరికి వచ్చేసినాము.

వచ్చినాక చూస్తే, ఆయన పండుకోడు! తలుపు పక్కన కట్టె కుర్చీ ఒకటి ఉండాది. దాంట్లో కూర్చోని, గోడకు తల ఆనించుకోని, తెల్లవార్లూ అట్లే. మంచం ఖాళీ. చిన్నప్పుడు నాకు తెలీనే లేదు. ఆయనది ఎప్పుడూ నైట్ షిఫ్టే. మేము లేచేటప్పటికి ఇంటికొస్తాడు, మేము బడికి పోతాము. ఆయన పండుకున్నాడా కూర్చున్నాడా ఎవరు చూసినారు?

"ఏం నాయనా, పండుకోవా?" అంటే, "నడుము నొప్పమ్మా. కూర్చుంటేనే సుఖం" అన్నాడు.

సరే అనుకున్నాను. కానీ ఈ మధ్య కాళ్లు వాచిపోయినాయి. ఎట్ల వాచినాయంటే, చెప్పులు పట్టవు. వేలితో నొక్కితే గుంట పడతాది, పది నిమిషాలైనా పూడదు. కోలారుకు పిలుచుకోని పోతే డాక్టరు నన్ను తిట్టింది. "రాత్రంతా కాళ్లు వేలాడేసి కూర్చుంటే నీరు ఎట్ల దిగతాదమ్మా? చర్మం పగిలి పుండ్లు పడితే ఈ వయసులో మానవు. ఎట్లయినా సరే, ఆయన్ను పండబెట్టండి" అనింది.

ఎట్లయినా సరే! ఇంగ నేను ఊరుకుంటానా? నడుము నొప్పి కదా, మంచి పరుపు ఉంటే పండుకుంటాడు. ఇంతే నా లెక్క. నేను బట్టల ఫ్యాక్టరీలో క్వాలిటీ చెకర్ని. కుట్టు ఒకటి తప్పినా పట్టుకునేదాన్ని. నా కంటిని దాటుకోని చెడ్డ పరుపు వస్తాదా?

మూడు నెలలు ఇదే బండిలో, ఇదే సీట్లో ఫోన్ పట్టుకోని కూర్చున్నాను. చూసినారు కదా మీరు. మెమరీ ఫోమ్ అంటే మీలో ఒకరు "వేడమ్మా, వీపు కాలిపోతాది" అన్నారు. ఉత్త స్ప్రింగ్ అంటే "గుచ్చుకుంటాది" అన్నారు. రబ్బరు పాలతో చేసింది అంటే రేటు చూసి నేనే ఫోన్ మూసేసినాను. ఆఖరికి హైబ్రిడ్. కింద స్ప్రింగులు, ఒక్కొక్కటీ చిన్న గుడ్డ సంచిలో. పైన ఫోమ్. నడుముకు గట్టి, ఒంటికి మెత్తన. ధర కూడా మన మాదిరి వాళ్లు ఎక్కేంత ఎత్తులోనే ఉండాది.

ఇంగ రివ్యూలు! ఒకాయన "మా అమ్మ పదేండ్లకు నవ్వింది" అని రాసినాడు. అదే పరుపుకు ఇంకొకామె "నా నడుము విరిగింది, మీరు బాగుపడరు" అని శాపం పెట్టింది. మూడొందలు చదివినాను. రాసినోళ్ల పేర్లు కూడా నాకు బాయిపాఠం అయిపోయినాయి.

దాంట్లో ఒక క్విజ్ ఉండాది. మీకు తగిన పరుపు మేమే చెప్తామని ప్రశ్నలు అడగతాది. బరువెంత, వయసెంత అని అడిగి, చివర్లో "మీరు ఎట్ల పండుకుంటారు? వెల్లకిలా, పక్కకు, బోర్లా?" మూడే ఉండాయి. కూర్చోని అనేది లేదు. ఒక్క నిమిషం ఆలోచించి, వెల్లకిలా అని నేనే నొక్కేసినాను. నాయనను అడిగితే అయిపోయేది. బండి కంటోన్మెంట్‌కు వచ్చేసింది, దిగే తొందర.

శుక్రవారం వచ్చింది డబ్బా. పరుపంటే పరుపు మాదిరి రాలేదు. చుట్ట చుట్టి, గాలి పీకేసి, నిలువుగా ఒక అట్టపెట్టెలో పెట్టి పంపినారు. నాయన దాని చుట్టూ తిరిగినాడు, చేతికర్రతో టక్ టక్ అని కొట్టినాడు. ఆయనకు అది అలవాటు. గనిలో పనికి దిగేముందు ఇనప కడ్డీతో పైరాయిని కొట్టి వింటారంట, గట్టిగా ఉండాదా, లోపల బోలుగా ఉండాదా అని. ఆ బుద్ధి పోలేదు. గ్యాస్ సిలిండర్ వస్తే కొడతాడు. పుచ్చకాయ తెస్తే కొడతాడు. మా పెండ్లిచూపుల రోజు మా ఆయన స్కూటర్ని కూడా కొట్టి చూసినాడు.

"యేమప్పా, ఇంత సన్నంగా ఉండాది. ఇదేనా పరుపు?" అని మా ఆయన్ను అడిగినాడు.

"ఆగు మామా, చూడు" అని మా ఆయన కవరు కత్తిరించినాడు. ఉస్స్... అని గాలి తాగి పరుపు లేస్తా ఉండాది. నాయన రెండడుగులు వెనక్కి పోయినాడు. ఆయన మొహం చూసి నేను నవ్వినాను. అప్పుడైనా అనుమానం రావాల కదా నాకు? రాలేదు.

ఒక రోజంతా లేవనిచ్చి మంచం మీద వేసినాము. ఆ మంచం నాయనే చేయించింది, గని నుంచి వచ్చిన పాత దుంగలు కోయించి. నలభై ఏండ్ల మంచం. దాని మీద ఈ కొత్త బరువు.

ఆదివారం మటన్ పులుసు, రాగి ముద్ద. నాయన బాగా తిన్నాడు. నేను కాళ్లు పట్టుకునేంత పని చేసినాను. "నాయనా, ఒక్క అర్ధగంట. నా కోసరం. కాళ్లు చూడు ఎట్ల ఉండాయో."

నా మొహం చూసి ఏమనుకున్నాడో, పోయి పండుకున్నాడు. వెల్లకిలా! నేను ఊహించినట్లే! నాకు కండ్లలో నీళ్లొచ్చేసినాయి. ఫోటో తీసి మన గ్రూపులో వేసింది అప్పుడే. మీరంతా చప్పట్ల బొమ్మలు పంపించినారు కదా, ఆ చప్పట్లకు థ్యాంక్స్ చెప్తా చెప్తా నేను గిన్నెలు కడగను పోయినాను.

పావుగంట కూడా కాలేదు. గదిలో నుంచి టిక్ మనింది. మళ్లా టిక్. ఆ తరువాత కర్ర్ మని లాగింది. స్ప్రింగా, మంచం చెక్కా, ఇప్పటికీ తెలీదు నాకు.

"కట్టె పలికింది! బయటికి రాండి! బయటికి!"

అమ్మా, ఏం గొంతు! బాత్రూముకు పోయేకి అయిదు నిమిషాలు పట్టే మనిషి, ఒక్క దూకులో వంటింట్లోకి వచ్చినాడు. నా సోపు చెయ్యి పట్టి లాగినాడు. మా ఆయన పేపరు చదువుకుంటా ఉంటే లుంగీ పట్టి లాగినాడు. లుంగీ చేతికొచ్చేసింది! మా ఆయన పేపరు అడ్డం పెట్టుకోని వీధిలోకి పరిగెత్తినాడు. నాయన అంతటితో ఆగితేనా? పక్కింటి తలుపు, ఆ పక్కింటి తలుపు, చేతికర్రతో కొట్టుకుంటా పోయినాడు. "లోపల ఉండద్దండి! పైన పడతాది!"

అట్ల వచ్చినారు జనం. చిన్నోళ్లు "భూకంపమా?" అని ఫోన్లు చూసుకుంటా ఉండారు. పెద్దోళ్లు ఏం చేసినారో తెలుసా? మా ఎదురింటి సెల్వి అక్క వాళ్ల అత్తకు ఎనభై దాటింది, చెవులు సరిగా వినపడవు. ఆమె గడప దిగి వచ్చి మమ్మల్ని చూడలేదు. గనిలోకి దిగే షాఫ్ట్ ఉండే దిక్కుకు తిరిగి నిలబడింది. ఇంకో ఇద్దరు ముసలామెలు కూడా అంతే. నా చిన్నప్పుడు కింద రాయి పగిలితే పైన మా ఇండ్లు అదిరేవి, అల్మారాలో గిన్నెలు గలగలమనేవి. అప్పుడు అమ్మలంతా ఇట్లే వీధిలోకొచ్చి ఆ దిక్కే చూసేవాళ్లు, ఎవరింటి మనిషి కింద ఉండాడో అని. ఇప్పుడు కింద ఎవరూ లేరు. అయినా చూస్తా ఉండారు.

అది చూసి నేను గమ్మునుండాల. ఉండలేదు. మా ఆయన పేపరు కట్టుకోని నిలబడి ఉండాడు, జనం నవ్వతా ఉండారు, నాకు సిగ్గుతో ఒళ్లు మండిపోయింది. "నాయనా! అది పరుపు! స్ప్రింగ్ చప్పుడు! గని మూసేసి ఎన్నేండ్లయింది? నీకు బుద్ధి ఉండాదా?" అని అంతమంది ముందర అరిచినాను.

జనమంతా గొల్లుమని నవ్వినారు. నాయన కర్ర కింద పెట్టినాడు. వాచిన కాళ్లు, చెప్పుల్లేవు, రెండు గంటల ఎండ. "అవునా? పరుపా?" అన్నాడు మెల్లగా. "తప్పయిపోయిందమ్మా. అందరూ లోపలికి పోండి." ఒక్కొక్కరికీ చేతులెత్తి దండం పెట్టుకుంటా ఇంట్లోకి నడిచినాడు. ఆ దండాల సంగతి చెప్తా చెప్తా నా టీ చల్లారిపోయింది, చూడండి.

లోపలికి పోయి చూస్తే ఆయన కుర్చీలో ఆయన కూర్చున్నాడు. నాకు పరుపు మీద కోపం, నా మీద కోపం. ఏం చేసేది? రిటర్న్ పెట్టేద్దామని ఫోన్ తీసినాను. నూరు రాత్రుల ట్రయల్ ఉండాది, మాది పావుగంటకే అయిపోయింది. ఎందుకు వాపసిస్తా ఉండారని అది అడిగింది. నేను పైకి చదివినాను, "నాయనా, మెత్తగా ఉండాదా? గట్టిగా ఉండాదా? వేడి పుట్టిందా? ఏమని పెట్టేది?"

"పరుపుది ఏం తప్పు లేదమ్మా. బాగుండాది" అన్నాడు. "మునిరత్నం గుర్తొచ్చినాడు."

మునిరత్నం ఎవరో నాకు తెలీదు. నలభై ఆరేండ్లలో ఆ పేరు ఆయన నోట విన్లేదు. అప్పుడు చెప్పినాడు, తలుపు దిక్కు చూసుకుంటా.

"నా జత. ఇద్దరం ఒక ఊరి నుంచే వచ్చినాము. కింద తిండి తిన్నాక కొంచెంసేపు నడుం వాలుస్తారు. ఇద్దరూ ఒకేసారి పండుకోకూడదు. ఒకడు పండుకుంటే ఒకడు వినాల. రాయి దిగేముందు కట్టె పలకతాది, అప్పుడు లేపాల. ఎన్నిసార్లు వాడు కూర్చోని నన్ను పండబెట్టినాడో. ఆ పొద్దు కూర్చోని వినే వంతు నాది. నువ్వప్పుడు మీ అమ్మ కడుపులో ఉండావు. రెండు షిఫ్టులు వరసగా చేసినాను. ఊరికే కండ్లు మూసుకున్నాను, అంతే."

"తరువాత?"

"కట్టె పలికింది. నేను లేచినాను. వాడు లేచేలోపల రాయి దిగింది."

నేను కింద కూర్చుండిపోయినాను. ఆయన వాచిన పాదం నా చెయ్యికి తగిలింది. దాన్ని పట్టుకోని ఏడ్చినాను. నడుము నొప్పి అని ఎందుకు చెప్పినావు నాయనా అంటే, "నడుము నొప్పంటే మందులిస్తారమ్మా. దీనికి ఏమిస్తారు?" అన్నాడు.

మా ఆయన గమ్మున వచ్చి కాఫీ పెట్టి పోయినాడు. అది తాగినాక నాకు ఒక ఆలోచన వచ్చింది. నా ఆలోచనల సంగతి మీకు తెలుసు కదా, మళ్లా ఏం కొంప మునిగిందో అనుకుంటా ఉండారు. వినండి.

"నాయనా, ఇప్పుడు నా వంతు. నువ్వు పండుకో, నేను వింటాను. కట్టె పలికితే లేపతాను."

నన్ను పైనుంచి కిందికి చూసినాడు. "నీకు వినేకి వస్తాదా?"

"నేర్పించు."

నిజంగా నేర్పించినాడు! మంచం చెక్కను కర్రతో కొట్టి చూపించినాడు. "టిక్ మంటే పరవాలేదు, బరువు సర్దుకుంటా ఉండాది. టిక్ టిక్ అని దగ్గర దగ్గరగా వస్తే లేచి నిలబడు. కర్ర్ మని లాగితే ఇంగ చూడద్దు, లేపేయ్." నా చేత రెండుసార్లు తిరిగి చెప్పించుకున్నాడు. కర్ర నా చేతిలో పెట్టినాడు. ఆయన కుర్చీలో నేను కూర్చున్నాను. ఆయన పోయి పరుపు మీద పండుకున్నాడు. సాయంత్రం నాలుగున్నర అయింటాది, కిటికీలో ఎండ ఇంకా ఉండాది.

"ఉండావా?" అన్నాడు.

"ఉండాను నాయనా."

ఒక నిమిషం. "ఉండావా?"

"ఉండాను."

మూడోసారి కూడా అడిగినాడు. నాలుగోసారి అడగలేదు. ఊపిరి నెమ్మదిగా, గరగరమని, లోతుగా వస్తా ఉండాది. నా జన్మలో మొదటిసారి మా నాయన పండుకోని నిద్రపోయింది చూసినాను. చిన్నోడి మాదిరి ఒక చెయ్యి చెంప కింద పెట్టుకున్నాడు. వెల్లకిలా కూడా కాదు, పక్కకు!

నేను ఎంత జాగ్రత్తగా విన్నానో మీకు చెప్పలేను. వీపు నిటారుగా పెట్టి, కర్ర గట్టిగా పట్టుకోని, ఒక్కొక్క టిక్కునీ లెక్కపెట్టినాను. ఒకటి. రెండు. మూడు...

ఎవరో నా భుజం తట్టినారు. కండ్లు తెరిస్తే కిటికీలో ఎండ లేదు. కర్ర యాడో కింద పడుండాది. నా నోరు తెరుచుకోని ఉండాది, గడ్డం మీద తడి. పొద్దున నాలుగింటికి లేచి బండెక్కేదాన్ని, మటన్ తిన్నదాన్ని, ఏమవతాను? ఎదురుగా పరుపు అంచున కూర్చోని నాయన నన్నే చూస్తా ఉండాడు.

నాకు ప్రాణం పోయినంత పనైంది. ఇప్పుడే కదా చెప్పినాడు నాకు! ఆ కత విన్న గంటకే!

"లేదు నాయనా! నేను నిద్రపోలేదు! ఊరికే కండ్లు మూసుకున్నాను, అంతే!"

ఆ మాట నా నోట్లో నుంచి వచ్చినాక గుర్తొచ్చింది, అది ఎవరి మాటో. నాలుక కరుచుకున్నాను. ఇంగ ఈ మనిషి జన్మలో పండుకోడు, నేనే చెడగొట్టినాను అనుకున్నాను.

నాయన దగ్గరికి జరిగినాడు. నా తలమీద చెయ్యి పెట్టినాడు. "పోనీలేమ్మా" అన్నాడు. "అలిసిన మనిషికి కునుకు రాదా?"

అనేసి, ఆగిపోయినాడు. తన నోట వచ్చిన మాట తనే విన్నట్ల నన్ను చూసినాడు. ఆ తరువాత తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు అదరతా ఉండాయి. తువ్వాల్లో నుంచే మళ్లా అన్నాడు, ఈసారి నాకు కాదు, "కునుకు రాదా రా, అలిసినోడికి?"

ఎవరితో అన్నాడో నేను అడగలేదు. పక్కన కూర్చోని వీపు రాసినాను, చీకటి పడేదాకా.

రిటర్న్ క్యాన్సిల్ చేసేసినాను. ఇప్పుడు రోజూ ఇంటికి పోంగానే ఒక గంట నాకు కుర్చీ డ్యూటీ. సోమవారం నిద్రపోయినాను, సస్పెండ్ అన్నాడు. మంగళవారం మళ్లా "రామ్మా, డ్యూటీకి" అని తనే పిలిచినాడు, మళ్లా నిద్రపోయినాను, మళ్లా సస్పెండ్. నిన్నటికి నాలుగు సస్పెన్షన్లు. మా ఆయన వీడియో కూడా తీసినాడు, చూపించను, గురక నాదే. మూడు నెలలు, మూడొందల రివ్యూలు, స్ప్రింగులు, ఫోములు... చూస్తే నాకు ఇంత మంచి నిద్ర ఆ కట్టె కుర్చీలో పడతాది!

ఈ కాపలామనిషి ఎట్లాగూ నిద్రపోతాదని నాయనకు తెలుసు. తెలిసే పండుకుంటా ఉండాడు.